తక్కెడ మీద తూచిన సంకోచం: చలికి వదులైన ఒక లెన్స్ కేసు

ఈ కేసులో రెండు రింగులు పాడయ్యాయి. మొదటిది క్లయింటు లెక్క వల్ల, రెండోది నా లెక్క వల్ల. రెండో దాంతో పాటు ఒక ఖరీదైన లెన్స్ అంచు కూడా పోయింది. లోహాల కొలతలు, పరీక్షల పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి, ఇలాంటి తప్పు నా చేత జరిగిందని రాసుకోవడం ఇబ్బందే. కానీ ఈ తప్పు చాలామంది చేస్తారు, చేశామని తెలియకుండానే చేస్తారు. అందుకే రాస్తున్నాను. క్లయింటు ఎవరో తెలియకుండా ఉండటానికి పరికరం వివరాలు కొన్ని వదిలేశాను, కొలతలు కొద్దిగా గుండ్రంగా చేశాను.

నేపథ్యం

వాళ్ళది ఇన్‌ఫ్రారెడ్ కెమెరా లాంటి పరికరం. లోపలి డిటెక్టర్‌ను, దాని ముందున్న లెన్స్‌ను లిక్విడ్ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్‌కు, చల్లబరచాలి. లెన్స్ ఫ్యూజ్డ్ సిలికాది, షాపులో అందరూ క్వార్ట్జ్ అనే అంటారు. వ్యాసం 50 మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకునే రింగు అల్యూమినియం. హెచ్‌ఈ 30 రకం అని చెప్పి స్టాకిస్టు అమ్మిన రాడ్‌ను బాలానగర్‌లోని ఒక షెడ్‌లో లేత్ మీద తిప్పించారు. రాడ్‌తో సర్టిఫికెట్ ఏదీ రాలేదు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు.

చల్లబడేకొద్దీ అల్యూమినియం బాగా కుంచించుకుపోతుంది. క్వార్ట్జ్ దాదాపు కదలదు. అందుకని గది ఉష్ణోగ్రత దగ్గర రింగుకూ లెన్స్‌కూ మధ్య కొంత సందు వదులుతారు. చల్లబడ్డాక రింగు లోపలికి వచ్చి లెన్స్‌ను సరిగ్గా అంటీ అంటనట్టు పట్టుకోవాలి. సందు ఎక్కువైతే లెన్స్ ఊగుతుంది, తక్కువైతే రింగు లెన్స్‌ను నొక్కుతుంది. మొత్తం డిజైన్ ఈ ఒక్క సంఖ్య మీద ఆధారపడింది.

వాళ్ళ ఇంజనీరు కుర్రాడు ఆ సంఖ్యను ఎలా తెచ్చాడో చూద్దాం. అల్యూమినియం వ్యాకోచ గుణకం అంటే ఏ పుస్తకంలో చూసినా ఒకటే: మీటరు పొడవుకు, ఒక డిగ్రీకి, 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 20 డిగ్రీల నుంచి మైనస్ 196 వరకు 216 డిగ్రీలు. గుణిస్తే మీటరుకు 4.97 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్ల వ్యాసానికి 0.248. క్వార్ట్జ్‌కు డిగ్రీకి అర మైక్రాన్ చొప్పున 0.005 తీసేశాడు. మిగిలింది 0.243 మిల్లీమీటర్లు. రింగును ఆ సందుతోనే చేయించాడు. ఇందులో గుణకారం తప్పేమీ లేదు. ఇంటర్మీడియట్‌లో మనందరికీ నేర్పింది ఇదే.

వచ్చిన సమస్య

పరికరాన్ని చల్లబరిచి, దూరంగా ఉన్న ఒక కాంతి చుక్కను డిటెక్టర్ మీదకు తెచ్చారు. చుక్క బాగానే కుదిరింది. పరికరాన్ని ఒక పక్కకు వంచితే చుక్క జరిగింది. రెండో పక్కకు వంచితే అటు జరిగింది. ఈ చివర నుంచి ఆ చివరకు మూడు పిక్సెళ్ళు, పిక్సెల్ 15 మైక్రాన్లు కాబట్టి 45 మైక్రాన్లు.

మొదట వాళ్ళు డిటెక్టర్‌ను అంటించిన జిగురును అనుమానించారు. తర్వాత లెన్స్‌ను మోసే కడ్డీలను. నాకు ఫోన్ చేసేసరికి రెండు వారాలు గడిచాయి, కుర్రాడు పూర్తి టెన్షన్‌లో ఉన్నాడు. “సార్, ప్రతిసారీ సరిగ్గా అక్కడికే వెళ్ళి ఆగుతోంది” అన్నాడు. ఆ మాటే నాకు పనికొచ్చింది. జిగురు ఊడినా, కడ్డీ వంగినా చుక్క కదలిక వంచిన కోణాన్ని బట్టి పెరుగుతూ పోవాలి. కొంత దూరం జరిగి టక్కున ఆగిపోతోందంటే, ఏదో ఒక వస్తువు ఒక గోడ నుంచి ఇంకో గోడకు జారుతోందన్నమాట. దూరపు చుక్క విషయంలో లెన్స్ ఎంత పక్కకు జరిగితే బింబం అంతే జరుగుతుంది. కాబట్టి లెన్స్ చుట్టూ ఇంకా 45 మైక్రాన్ల ఖాళీ మిగిలి ఉంది. అంటే రింగు లెక్క ప్రకారం కుంచించుకోలేదు.

ఇక్కడిదాకా నేను చెప్పింది సరైనదే.

నేను ఇచ్చిన సలహా, అది ఎందుకు విఫలమైంది

వ్యాకోచ గుణకం ఉష్ణోగ్రతతో పాటు మారుతుందని, చల్లదనంలో బాగా తగ్గుతుందని నాకు తెలుసు. 77 కెల్విన్ దగ్గర అల్యూమినియానికి అది 8 మైక్రాన్ల పైచిలుకు ఉంటుందని గుర్తుంది. పుస్తకం చేతిలో లేదు, కారులో ఉన్నాను. “పైన 23, కింద 8. సగటు పదిహేనున్నర వేసుకో” అన్నాను. 216 డిగ్రీలకు మీటరుకు 3.35 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్లకు 0.17. కొత్త రింగు 0.17 సందుతో చేయించమన్నాను.

ఆ అర నిమిషంలో నేను ఒక విషయం ఊరికే ఒప్పేసుకున్నాను. 23 నుంచి 8కి గుణకం సరళరేఖలా దిగుతుందని అనుకున్నాను. రెండు చివరలు తెలిస్తే మధ్యలో గీత గీసెయ్యడం ఇంజనీర్లందరికీ ఉన్న అలవాటే. దాన్ని అప్పుడు నన్ను ఎవరూ ప్రశ్నించలేదు, నేనూ ప్రశ్నించుకోలేదు.

రెండో రింగు మే నెలలో తయారైంది. చల్లబరిచారు. చుక్క జరగడం మానేసింది, కానీ గుండ్రంగా ఉండాల్సినది సాగి, మూలల్లోకి లాగినట్టు కనిపించింది. మూడోసారి చల్లబరిచి తీసి చూస్తే లెన్స్ అంచున గోరంత పెచ్చు లేచిపోయి ఉంది. రింగు గాజును నొక్కేసింది.

కుర్రాడు ఏమీ అనలేదు. వాళ్ళ మేనేజరు మాత్రం “మొదటిది లూజు, రెండోది టైటు. మూడోది ఏ లెక్కన చేయమంటారు?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మధ్యస్థంగా 0.20 పెట్టి చూడమని చెప్పెయ్యవచ్చు. నిజానికి అది సరిపోయేది కూడా. కానీ కారణం చెప్పలేకుండా మూడో సంఖ్య ఇవ్వకూడదనుకున్నాను.

ఎంత వంతు ఎవరిది

ముందు రెండో రింగును శవపరీక్ష చేశాను. దాని లోపలి వ్యాసాన్ని మా ఏసీ గదిలో, 20 డిగ్రీల దగ్గర కొలిస్తే సందు 0.17 లేదు, 0.15 ఉంది. షెడ్‌కు వెళ్ళి మేస్త్రీని అడిగాను. “నేను పెట్టింది పదిహేడే సార్, మీ ఎదుటే కొలుస్తా రండి” అన్నాడాయన. ఆయన మాట నిజమే. మే నెలలో ఆ రేకుల షెడ్‌లో 38 డిగ్రీలు. 18 డిగ్రీల తేడాకు 50 మిల్లీమీటర్ల అల్యూమినియం రింగు 0.02 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. క్వార్ట్జ్ పెరగదు. ఆయన కొలిచినప్పుడు ఉన్న సందు మా ఏసీ గదిలోకి వచ్చేసరికి తగ్గిపోయింది. మొదటి రింగు డిసెంబరులో చేసింది కాబట్టి దానికి ఈ గొడవ దాదాపు లేదు.

ఇక్కడ ఆగిపోవాలని నాకు చాలా ఆశ కలిగింది. తప్పు ఎండది, నాది కాదు! కానీ మొదటి రింగు చెప్పిన సాక్ష్యం ఉంది కదా. 0.24 సందులో 0.045 మిగిలిందంటే రింగు నిజంగా కుంచించుకున్నది 0.195 దగ్గర. నేను చెప్పింది 0.17. అంటే ఎండ వల్ల 0.02, నా సగటు వల్ల 0.025. నా వంతే ఎక్కువ.

50 మిల్లీమీటర్ల మీద 0.045 అంటే వెయ్యిలో 0.9 వంతు సాగుదల. అల్యూమినియంలో అది 60 మెగాపాస్కల్స్‌కు పైనే ఒత్తిడి తెస్తుంది. అంత బలంతో రింగు చుట్టూ బిగిస్తే, ఎక్కడో ఒకచోట అంచు మీద బరువంతా పడి పెచ్చు లేవడంలో ఆశ్చర్యం లేదు.

వేడికీ పొడవుకూ ఉన్న చుట్టరికం

అప్పుడు పుస్తకాలు తీశాను. అల్యూమినియం వ్యాకోచ గుణకం 293 కెల్విన్, అంటే 20 డిగ్రీల, దగ్గర 23. 200 దగ్గర 20. 100 దగ్గర 12. 77 దగ్గర 8 పైన. నేను గీసిన సరళరేఖ ప్రకారం 200 దగ్గర పదహారున్నర ఉండాలి. నిజానికి గుణకం చాలాసేపు పైనే ఉండి, చివర్లో ఒక్కసారిగా జారుతోంది. బోర్లించిన గిన్నె అంచులా ఉంది ఆ ఆకారం.

ఆ ఆకారాన్ని నేను ఎక్కడో చూశాను. అది విశిష్టోష్ణం గీత. అదే అల్యూమినియానికి గ్రాముకు, డిగ్రీకి ఎన్ని జౌళ్ళు కావాలో పక్కన రాసుకుంటే 0.90, 0.80, 0.48, 0.34. పై వరుసను కింది వరుసతో భాగించండి. నాలుగు చోట్లా 25 చుట్టూనే వస్తుంది. గుణకం మూడో వంతుకు పడిపోయినా నిష్పత్తి మాత్రం దాదాపు కదలలేదు.

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గ్రూనైసెన్ 1908లోనే ఈ సంగతి గమనించాడు: ఒక లోహంలో వ్యాకోచ గుణకానికీ విశిష్టోష్ణానికీ ఉన్న నిష్పత్తి ఉష్ణోగ్రతతో పెద్దగా మారదు. నేను కాలేజీలో దీన్ని పరీక్ష కోసం రాశాను, మార్కులు వచ్చాయి, మర్చిపోయాను.

ఎందుకు అలా? ఘనపదార్థంలోకి వెళ్ళిన వేడిలో ఎక్కువ భాగం అణువుల కంపనంలోకి పోతుంది. పక్కపక్క అణువులు బంతి భోజనంలో ఆనుకుని కూర్చున్నవాళ్ళలాంటివి. ఒకరి మీదకు ఒకరు జరగాలంటే మోచెయ్యి అడ్డొస్తుంది, దూరం జరగాలంటే అంత కష్టం లేదు. కాబట్టి ఊగేకొద్దీ అందరూ సగటున కాస్త ఎడం అవుతారు. రెండు వైపులా అడ్డు సమానంగా ఉండి ఉంటే ఎంత ఊగినా ఎడం పెరగదు, వ్యాకోచమే ఉండదు. ఊగుడు శక్తి లోపలి నుంచి బయటకు ఒక ఒత్తిడిలా పనిచేస్తుంది. దాన్ని పదార్థపు బిగువు, అంటే బల్క్ మాడ్యులస్, ఆపుతుంది. ఘనపరిమాణ వ్యాకోచ గుణకాన్ని బల్క్ మాడ్యులస్‌తోనూ, మోల్ ఘనపరిమాణంతోనూ గుణించి, మోల్ ఉష్ణధారణ సామర్థ్యంతో భాగిస్తే వచ్చే సంఖ్యను గ్రూనైసెన్ గామా అంటారు. రాగికి 2 దగ్గర, అల్యూమినియానికి 2.2 దగ్గర. ఆ అడ్డు రెండు వైపులా ఎంత అసమానంగా ఉందో చెప్పే సంఖ్య అది.

ఇక విశిష్టోష్ణం చల్లదనంలో ఎందుకు పడిపోతుందంటే, కంపనం మనకు నచ్చినంత చిన్న ముక్కల్లో శక్తిని తీసుకోదు. 1819 నాటి డ్యూలాంగ్, పెటిట్ సూత్రం ప్రకారం ప్రతి ఘన మూలకానికీ మోల్‌కు డిగ్రీకి ఇంచుమించు 25 జౌళ్ళు ఉండాలి. చల్లబరిస్తే ఉండదు. ఐన్‌స్టీన్ 1907లో, డిబై 1912లో దీనికి కారణం చెప్పారు. వేగంగా కంపించే రకాలకు చలిలో శక్తి అందదు, అవి ఒక్కొక్కటే స్తంభించిపోతాయి. స్తంభించిన కంపనం వేడీ పుచ్చుకోదు, అణువులను ఎడమూ చెయ్యదు. రెండు గీతలకూ ఒకే ఆకారం అందుకే. ఎక్కడ పడిపోవడం మొదలవుతుందో డిబై ఉష్ణోగ్రత చెబుతుంది. అల్యూమినియానికి అది 428 కెల్విన్, అందుకే 77 దగ్గరకు వచ్చేసరికి సగానికి పైగా పడిపోయింది. సీసానికి 105 మాత్రమే. ఈ రింగు సీసంతో చేసి ఉంటే, కుర్రాడి ఇంటర్మీడియట్ లెక్క పెద్దగా తప్పేది కాదు. (సీసంతో ఎవరూ చెయ్యరనుకోండి.)

దీని నుంచి మాకు పనికొచ్చే మాట ఒకటి వస్తుంది. నిష్పత్తి మారకపోతే, మొత్తం కుంచించుకున్న పొడవు, లోహం నుంచి బయటకు తీసిన మొత్తం వేడికి అనుపాతంలో ఉంటుంది. ఎన్ని డిగ్రీలు దిగామన్నది లెక్కలోకి రాదు. ఎన్ని జౌళ్ళు లాగామన్నదే వస్తుంది.

తక్కెడ

పుస్తకంలో, హెచ్‌ఈ 30కి దగ్గరి 6061 రకం అల్యూమినియానికి 293 నుంచి 77 వరకు మీటరుకు 3.9 మిల్లీమీటర్లు అని ఉంది. అది తీసుకుని 0.195 అని రాసి పంపెయ్యవచ్చు. కానీ మా రాడ్ ఏ రకమో సర్టిఫికెట్ లేదు, సిలికాన్ ఎక్కువ ఉన్న అల్యూమినియం అయితే గుణకం బాగా తగ్గుతుంది. వ్యాకోచం కొలిచే మా యంత్రం, డైలాటోమీటర్, గది ఉష్ణోగ్రత నుంచి పైకి మాత్రమే కొలుస్తుంది. దాంతో గది దగ్గరి గుణకం తెలిసింది: 23. చలిలో కొలిచే యంత్రం లేదు. అయితే లాగిన వేడిని కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. లిక్విడ్ నైట్రోజన్ ఒక గ్రాము ఆవిరి కావడానికి 199 జౌళ్ళు తీసుకుంటుంది. లోహపు ముక్కను అందులో వేసి, ఎంత నైట్రోజన్ మరిగి పోయిందో తూస్తే చాలు.

మా జూనియర్ అమ్మాయి, నేను కలిసి దీన్ని ఒక మధ్యాహ్నం చేశాం. పొడవాటి స్టీలు ఫ్లాస్కు, పదో వంతు గ్రాము చూపే తక్కెడ, కిటికీలన్నీ తెరిచిన గది, కళ్ళద్దాలు. ముక్కను స్టాండుకు వేలాడదీసి ముంచితే అది పక్కకు నెట్టిన ద్రవం బరువు తక్కెడ మీద పడి లెక్క చెడుతుంది. అందుకని ముక్కను ముందే ఫ్లాస్కు పక్కన అదే తక్కెడ మీద పెట్టి, మొత్తం బరువు నోట్ చేసి, తర్వాత దారంతో దించి అడుగున వదిలేశాం. ముంచకముందు పది నిమిషాలు, మరుగు ఆగాక పది నిమిషాలు, ఫ్లాస్కు తనంతట తాను ఎంత కోల్పోతోందో రాసుకుని తీసేశాం.

ముందు తెలిసిన లోహంతో మొదలుపెట్టాం. 100 గ్రాముల రాగికి 36 గ్రాముల దగ్గర పోయింది. విశిష్టోష్ణం మారకుండా ఉంటే 42 గ్రాములు పోవాలి. 36ను 42తో భాగిస్తే 0.85 పైచిలుకు. రాగి గది గుణకంతో చేసిన లెక్క మీటరుకు 3.59 మిల్లీమీటర్లు, దాన్ని 0.85తో గుణిస్తే 3.05. పుస్తకం చెప్పేది 3.02. ఈ పద్ధతిని నమ్మవచ్చని అప్పుడు అనిపించింది.

అంతే బరువున్న అల్యూమినియం మొదటిసారి 86 గ్రాములు చూపించింది. అది నమ్మదగినదిగా లేదు. ముక్కను తొందరగా వదిలేసరికి ద్రవం చిందింది. చిందిన చుక్కలు వేడి తీసుకోకుండానే వెళ్ళిపోతాయి, తక్కెడ మాత్రం వాటినీ లెక్కపెడుతుంది. మరీ నెమ్మదిగా దించినా కుదరదు, పైన ఉన్న చల్లని ఆవిరే ముక్కను సగం చల్లబరిచేస్తుంది, అప్పుడు తక్కువ చూపిస్తుంది. వదులుగా మూత పెట్టి, మూడు నాలుగు సెకన్లలో దించడం అలవాటయ్యాక 79, 78, 78 వచ్చాయి. ముక్క చుట్టూ మొదట ఆవిరి పొర కప్పుకుని నెమ్మదిగా మరుగుతుంది. చివర్లో ఆ పొర తెగి ఒక్కసారిగా బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగు అయ్యేదాకా ఆగకుండా రీడింగ్ తీస్తే అదొక తప్పు. అదీ ఒకసారి చేశాం.

విశిష్టోష్ణం గది దగ్గరి విలువలోనే ఉండి ఉంటే 98 గ్రాములు పోవాలి. పోయింది 78. నిష్పత్తి 0.80. కుర్రాడి 4.97ను 0.80తో గుణిస్తే మీటరుకు 3.98. 50 మిల్లీమీటర్లకు 0.199. మొదటి రింగు, మూడు పిక్సెళ్ళు కలిసి చెప్పింది 0.195.

ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన చూసి అమ్మాయి “సార్, మనం బరువు తూచి పొడవు కనుక్కున్నాం” అంది. ఇన్నేళ్ళలో నేను ఈ సూత్రాన్ని ఇంత సూటిగా ఎవరికీ చెప్పలేకపోయాను.

అయినా కస్టమరు లెన్స్ మళ్ళీ పగలకూడదు కనుక నేరుగా కూడా కొలిచాం. ఒక క్వార్ట్జ్ గొట్టం అడుగున 100 మిల్లీమీటర్ల ముక్క, దాని మీద క్వార్ట్జ్ కడ్డీ, పైన మైక్రాన్ చూపే డయల్ గేజ్. అడుగు భాగం నైట్రోజన్‌లో ముంచితే గేజ్ 0.39 మిల్లీమీటర్లు దిగింది. తూకం లెక్క ఇంతకంటే ఒకటి రెండు శాతం ఎక్కువ చెప్పింది. దానికి కారణం ఉంది: చల్లబడేకొద్దీ అల్యూమినియం కొన్ని శాతాలు బిగువెక్కుతుంది, అదే ఊగుడుకు కాస్త తక్కువ కదులుతుంది. నిష్పత్తి పూర్తిగా స్థిరం కాదు. లెన్స్ రింగుకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

మూడో రింగు

సందు 0.21 పెట్టించాను. చలిలో 0.015 మిగులుతుంది, దాన్ని తినెయ్యడానికి ఒక పక్క ఫాస్ఫర్ బ్రాంజ్ స్ప్రింగు రేకు పెట్టి, లెన్స్‌ను ఎదుటి పక్క రెండు ఆధారాల మీదకు నెట్టించాం. సరిగ్గా అంటీ అంటనట్టు పట్టే రింగు కావాలన్న మొదటి ఆలోచననే వదులుకున్నాం. 0.01 మిల్లీమీటరు తేడాతో బతికే డిజైన్‌ను షెడ్ వేడి, రాడ్ రకం, కొలిచే చెయ్యి ఏదైనా చెడగొట్టగలవు. సరైన సంఖ్య దొరికాక కూడా దాని మీద అంతగా ఆధారపడకుండా చూసుకోవడమే ఈ కేసులో మేం తీసుకున్న మంచి నిర్ణయం అనుకుంటాను. మేస్త్రీ డ్రాయింగు మీద కొలత పక్కన “20 డిగ్రీల దగ్గర” అని నా చేత రాయించుకున్నాడు. రింగును రాత్రంతా మా ఏసీ గదిలో ఉంచి తర్వాతే ఆఖరి కొలత తీశాం. పదిసార్లు చల్లబరిచారు. చుక్క గుండ్రంగానే ఉంది, వంచినా కదల్లేదు.

ఇన్వార్ దగ్గర ఎదురుదెబ్బ

పద్ధతి దొరికిన ఉత్సాహంలో అమ్మాయి, లెన్స్‌కూ డిటెక్టర్‌కూ మధ్య దూరాన్ని నిలిపే ఇన్వార్ (నికెల్, ఇనుము మిశ్రమం) కడ్డీలకు కూడా ఇదే లెక్క వేసింది. పొడవు 200 మిల్లీమీటర్లు. గది గుణకం డిగ్రీకి 1.3 మైక్రాన్లు, 216 డిగ్రీలు, అదే 0.8. మీటరుకు 0.22 మిల్లీమీటర్లు వచ్చింది. క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి కొలిస్తే రెట్టింపుకు కొద్దిగా తక్కువ, 0.38 దగ్గర. చలిలో క్వార్ట్జ్ తన పొడవు కూడా మీటరుకు కొన్ని మైక్రాన్ల నుంచి ఇరవై మైక్రాన్ల దాకా మార్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ దోషం లెక్కలోకి రాదు, ఇన్వార్‌కు వస్తుంది. కాబట్టి ఈ 0.38ను ఇంచుమించుగానే తీసుకోండి. అయినా 0.22 మాత్రం కాదు.

“తూకంలో తప్పు చేశామా సార్?” అని మళ్ళీ తూచింది. తూకం బాగానే ఉంది. ఇన్వార్ మామూలు ఇనుము లోహంలాగానే వేడి వదిలింది. తేడా అంతా పొడవులోనే. 1896లో గుయోమ్ కనిపెట్టి, 1920లో నోబెల్ బహుమతి పొందిన ఈ నికెల్ ఇనుము మిశ్రమంలో రెండు బలాలు ఎదురెదురు పనిచేస్తాయి. కంపనం తగ్గితే అణువులు దగ్గరవ్వాలి. కానీ చల్లబడేకొద్దీ అయస్కాంతత్వం పెరిగి వాటిని ఎడం చేస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర రెండూ దాదాపు కొట్టేసుకుంటాయి, మిగిలేదే ఆ 1.3. అలా కొట్టేసుకోగా మిగిలిన చిన్న సంఖ్యను తీసుకుని, కంపనపు గీత ఆకారంలోనే అదీ మారుతుందని అనుకోవడం మా పొరపాటు. తూకం చెప్పేది కంపనం సంగతి. అయస్కాంతం సంగతి దానికి తెలియదు.

ఆ మాటకొస్తే లెన్స్ క్వార్ట్జ్ కూడా ఈ లెక్కకు లొంగదు. వేడి మామూలుగానే వదులుతుంది, కానీ 190 కెల్విన్ దగ్గర నుంచి కిందికి చల్లబడేకొద్దీ పెరుగుతుంది. అక్కడ గామా రుణ సంఖ్య. సిలికాన్ కూడా 124 కెల్విన్ కింద కొంత దూరం అలాగే ప్రవర్తిస్తుంది. అణువుల మధ్య ఖాళీ ఎక్కువున్న ఇలాంటి నిర్మాణాల్లో పక్కకు ఊగే కంపనాలు ఉంటాయి, అవి వాటిని దగ్గరకు లాగుతాయి. మన రింగులో ఆ మార్పు 50 మిల్లీమీటర్లకు ఒక మైక్రాన్ దగ్గర కాబట్టి మనం బతికిపోయాం.

కడ్డీలకు కొలిచిన సంఖ్యనే వాడి, ఫోకస్‌ను 0.08 మిల్లీమీటర్లు ముందే సర్దాం. అప్పటి నుంచి మా దగ్గర ఒక అలవాటు మొదలైంది. తూకం లెక్కను రాగి, అల్యూమినియం, ఇత్తడి లాంటి సాదా లోహాలకే వాడతాం. గది గుణకం 5 కంటే తక్కువ ఉన్నా, పదార్థం అయస్కాంతానికి అతుక్కున్నా గొట్టంలో పెట్టి కొలిచాకే సంఖ్య చెబుతాం. సాదా ఇనుము, నికెల్ కూడా అయస్కాంతానికి అతుక్కుంటాయి, వాటికి ఈ జాగ్రత్త బహుశా ఎక్కువే. పరవాలేదు.

పోయిన నెల అదే కుర్రాడు మళ్ళీ ఫోన్ చేశాడు. స్ప్రింగు రేకు బదులు టెఫ్లాన్ ప్యాడ్ పెడదామనుకుంటున్నాం, గది గుణకం ఎంత వేసుకోమంటారు సార్, అని. గది అంటే 18 డిగ్రీలా, 22 డిగ్రీలా అని తిరిగి అడిగాను. 19 డిగ్రీల దగ్గర టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం మారుతుంది. అక్కడ విశిష్టోష్ణమూ ఎగసిపడుతుంది, వ్యాకోచమూ ఎగసిపడుతుంది, రెండూ ఒకేచోట. ఏసీ రెండు డిగ్రీలు మారితే ఆ గుణకానికి అర్థమే మారిపోతుంది. ముక్క ఒకటి పంపమన్నాను. ఈసారి మాత్రం కారులో ఉండి జవాబు చెప్పలేదు.